కట్టని వాడ

పోయిన వారం మనం వదిలి వచ్చేటప్పటికి పరశురాములు తన ఇంటి ముందుగదిలో తిరిగే కుర్చీని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోబోతున్నారో కూడా చెప్పుకున్నాం. రిజర్వాయరు నీళ్లల్లో మునిగిపోయిన జిల్లెడుకుంటను నాలుగేళ్లుగా కంప్యూటర్లో గోడ గోడా పేర్చి మళ్లీ నిలబెట్టిన ఈ సబ్‌స్టేషన్ ఆపరేటరు, పునరావాస కాలనీలో చాలామందికి ఇప్పటికే వాళ్ల ఊరు చూపించాడు. వచ్చే ఆదివారం కాలనీ సంఘం పెద్ద తెర కట్టి ఊరిని ఊరంతటికీ చూపించాలని నిర్ణయించుకుంది. ఈ ఆదివారం మాత్రం ఒక్కరి కోసమే. చర్చిలో ప్రార్థన అయ్యాక తన తల్లి పుల్లమ్మను తీసుకొస్తానని చిన్ననాటి దోస్తు నవీన్‌కుమార్ ఫోన్ చేశాడు. ఆమెకు ఊరు చూడాలని ఉందట.

మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం పరశురాములు గురించి ఒక మాట. అతను కంప్యూటర్ చదువు చదివినవాడు కాదు. ఇంటర్లో ఉండగా కొల్లాపూర్ బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో, ఒకే కీబోర్డును చెరి సగం పంచుకొని, ఈ నవీన్‌తోనే కార్ల పందెం ఆట ఆడినవాడు. అప్పుడు కుట్టిన పురుగు విషం ఇంకా దిగలేదు. ఉద్యోగం వచ్చాక పాత భాగాలు ఏరి తెచ్చి సొంతంగా ఒక డబ్బా బిగించుకున్నాడు. ఎండాకాలం దాని ఫ్యాన్లు మోగుతుంటే భార్య నాగరాణి "నీ పిండి గిర్నీ జర బంద్ చెయ్యి, అన్నం ఉడికింది" అని పిలుస్తుంది.

కొత్త వస్తువు ఏదొచ్చినా దాంతోపాటు ఇచ్చే పుస్తకం అతను తెరవడు. ముందు చేత్తో పట్టుకోవాలి, నాలుగు మీటలు నొక్కాలి, ఏదో ఒకటి చెడగొట్టి మళ్లీ బాగుచేయాలి. అప్పుడుగాని అది తనదైనట్టు అనిపించదు. ఆటల్లో కూడా గెలవాలనే యావ అతనికి తక్కువ. కార్ల పందెంలో నవీన్ ముందుకు దూసుకుపోతుంటే ఇతను రోడ్డు వదిలి గడ్డిలోకి దిగేవాడు, ఆట తయారుచేసినవాళ్లు గుట్ట వెనకాల ఏం పెట్టారో చూద్దామని. మాట చెబితే దానంతట అదే బొమ్మలు గీసి ఇచ్చే కొత్తరకం ప్రోగ్రాములు వచ్చినప్పుడు అందరికంటే ముందు అతనే మోజుపడ్డాడు. పాలమూరు పల్లె ఒకటి కావాలని అడిగితే అది కొబ్బరిచెట్లూ, కాలువా, కాలువలో పడవా గీసి చేతిలో పెట్టింది. "మన దిక్కు కాలువల పడవ యాడ నడుస్తదే" అని నాగరాణి దగ్గర పడీపడీ నవ్వి, ఆ రోజు నుంచి ప్రతి గోడా తన చేత్తోనే కట్టడం మొదలుపెట్టాడు.

ఊరు సగానికి వచ్చాక, ముఖానికి తగిలించుకుంటే ఆ లోకంలోనే నిలబడ్డట్టు కనిపించే కళ్లద్దాల పెట్టె తెప్పించాడు. దాని అసలు పేరు పలకడం ఎవరికీ చేతకాలేదు. కాలనీలో ఒక ముసలాయన దాన్ని చూసి "గానుగెద్దుకు కట్టే గంతల లెక్క ఉన్నదిరా" అన్నాడు. అంతే, ఆ పేరు నిలిచిపోయింది. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి "గంతలు కడ్తవా" అని అడిగేవారు. కట్టించుకొని, తమ ఇంటి గడప దాకా పోయి, ఏడ్చి, ముక్కు తుడుచుకొని వెళ్లేవారు.

ఇక ఇవాళ్టి సంగతి.

నవీన్ బైకు చప్పుడు వినిపించగానే పరశురాములు బయటికి వచ్చాడు. నవీన్ కేతేపల్లి దగ్గర బడిలో లెక్కల సారు. సెలవులకు తప్ప కాలనీకి రాడు. వెనక దిగిన పుల్లమ్మ కొంగు సర్దుకొని, చేతిలో బైబిల్ ఉన్న గుడ్డ సంచీని గుండెకు ఆనించుకొని వాకిట్లోనే నిలబడింది.

"లోపలికి రాండ్రి. ఎండల ఏమిటికి నిలబడ్డరు?" అని నాగరాణి వచ్చి చేయి పట్టుకుంటేగాని ఆమె గడప దాటలేదు.

అదే సమయంలో ముందుగదిలో మంచం మీద కూర్చున్న పరశురాములు తల్లి సైదమ్మ లేచింది. మోకాళ్ల నొప్పులతో అన్నానికి లేవడానికే నాలుగుసార్లు పిలిపించుకునే మనిషి, గోడ పట్టుకొని గబగబా పెరట్లోకి వెళ్లిపోయింది. పరశురాములు చూశాడు. అంటుముట్టు చాదస్తం ఇంకా పోలేదనుకొని, నవీన్ గమనించాడేమోనని మాత్రం బెంగపడ్డాడు. గదిలో ఇంకొక మనిషి కూడా ఉన్నాడు. కాలనీ సంఘం పెద్ద చెన్నయ్య, వచ్చే ఆదివారం తెర ఎంతది కావాలో మాట్లాడిపోదామని వచ్చి కూర్చున్నాడు.

"నీకు తల తిరిగినట్లయితే చెప్పాలె అమ్మా. ఊరకే ఓర్చుకోవద్దు" అని పరశురాములు పుల్లమ్మను కుర్చీలో కూర్చోబెట్టి గంతలు బిగించాడు. నడిపించే మీట నవీన్ చేతికిచ్చాడు. పుల్లమ్మకు కనిపించేదంతా పక్కన కంప్యూటర్ తెర మీద మిగిలినవాళ్లకూ కనిపిస్తుంది.

ఊరి మొగదల చింతచెట్లు వచ్చాయి. పుల్లమ్మ తల ఎత్తి చూసింది. ఒక్కో కొమ్మనూ వెతుకుతున్నట్టు మెడ తిప్పింది.

"గింత పెద్దగున్నయా?" అంది చివరికి. "మనం ఊరు ఇడిసేటప్పటికి ఒకటి ఎండింది గద."

"అవునమ్మా. అది ఎండక ముందు ఉన్న లెక్క కట్టిన" అన్నాడు పరశురాములు.

బడి వచ్చింది, కాటమయ్య కిరాణా కొట్టు వచ్చింది. కొట్టు ముందు వేలాడే అరటిగెలను చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి పరశురాములుకు ప్రాణం లేచి వచ్చింది. ఎంతమందికి చూపించినా అతనికి ఈ ఒక్క గడియ కోసమే ఇదంతా చేశాననిపిస్తుంది. ఆ తరువాత చేదబావి. దాని మీద అతనికి అందరికంటే ఎక్కువ మమకారం. గట్టు రాళ్ల మీద తాడు ఒరిసి ఒరిసి పడిన గాట్లను కూడా వదలకుండా చెక్కాడు. గట్టు కింద కొంచెం దూరంలో బట్టలుతికే నల్లబండను కూడా మర్చిపోలేదు.

"బావి కాడికి పోదామా అమ్మా? తొంగి చూడు, నీళ్లు గుడ కనవడ్తయి" అన్నాడు నవీన్, మీటను ముందుకు తోస్తూ.

"ఆగు" అంది పుల్లమ్మ.

నవీన్ ఆపాడు. తెర మీద ఊరు నిలిచిపోయింది, సరిగ్గా నల్లబండ దగ్గర. ఆమె బావి వైపు ముఖం తిప్పి కదలకుండా కూర్చుంది. ఏం చూస్తోందోనని అందరూ ఎదురుచూశారు.

"తోయనా అమ్మా?" అని నవీన్ మళ్లీ అడిగాడు.

"ఎవరన్న రానీ. వచ్చి పోస్తరు."

ఆమె గొంతులో దుఃఖం లేదు, కోపం లేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. గదిలో ఉన్నవాళ్లకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పెళ్లయి ఊరికి వచ్చిన తొలి రోజుల్లో ఆమెలాంటి ఆడవాళ్లు ఆ బండ మీద కుండ పెట్టి దూరంగా నిలబడేవారు. గట్టు ఎక్కే కులాలవాళ్లు ఎవరైనా దయతలచి తోడి పోస్తే తెచ్చుకునేవారు. పరశురాములు పుట్టేనాటికి వాళ్ల వాడలో బోరింగు పడింది, ఆ నిలబడటం పోయింది. బండ మాత్రం మిగిలింది. అది బట్టలుతికే బండ అని అతను నిన్నటిదాకా పదిమందికి చెప్పాడు.

"అమ్మా, ఇగ ఎవరు రారు. ఇది ఉత్త బొమ్మ" అన్నాడు నవీన్.

"అవును గద" అంది పుల్లమ్మ, తనలో తనే సర్దుకుంటూ. "కండ్ల ముంగట గట్లనే ఉండేసరికి మర్చిపోయిన. ఇంటికి పోదాం నడువు బిడ్డా. కలుజు దాటిపియ్యి."

కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే కలుజు దాటితే కింది వాడ. కాగితాల్లో దానికి వేరే పేరుండేది, ఊరి నోట్లో మాత్రం ఎప్పుడూ కింది వాడే. ఆ మాట వినగానే పరశురాములు మీట వైపు చేయి చాచాడు. "నవీనూ, ఒక్క నిమిషం" అని లేచేలోపే నవీన్ మీటను తోసేశాడు. కలుజు వచ్చింది. కలుజు అవతల రెండు తుమ్మచెట్లు వచ్చాయి. తుమ్మచెట్లు దాటగానే నేల అయిపోయింది.

ఆటలు కట్టేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కట్టినంతవరకే నేల ఉంటుంది. అంచు దాటినవాణ్ని ఆపడానికి గోడ పెట్టకపోతే, అతను కిందికి పడిపోతూనే ఉంటాడు. తెర మీద తుమ్మచెట్ల వేళ్లు పైకి లేచిపోయాయి. ఊరు నెత్తి మీదికి వెళ్లి చిన్నదైపోయింది. చుట్టూ బూడిద రంగు తప్ప మరేమీ మిగల్లేదు. పుల్లమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆమె పాదాలు గచ్చు మీద ఆనుకొనే ఉన్నా, నేల కోసం తడుముకుంటున్నాయి.

"కింద ఏం లేదు బిడ్డా" అంది మెల్లగా. "ఏం లేదు."

పరశురాములు గంతలు లాగేశాడు. ఆమె ముఖమంతా చెమట. నాగరాణి పరుగున నీళ్లు తెచ్చి తాగించి, కొంగుతో ముఖం తుడిచింది. కంప్యూటర్ ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడే వినిపించింది.

ముందు నవీన్ మాట్లాడాడు. గొంతు పెంచలేదు. అతను గట్టిగా తిట్టి ఉంటే పరశురాములుకు ఎంతో తేలికగా ఉండేది.

"ఎన్ని దినాలాయెరా దీన్ని జనాలకు చూపెట్టవట్టి?"

"రెండు నెలలు దాటింది."

"గింతమంది తిరిగిండ్రు. ఇల్లిల్లు తిరిగిండ్రు, గుడి ఎనకకు పోయిండ్రు, శ్మశానం గుడ చూసిండ్రంటివి. ఒక్కడన్న కలుజు దాటి పోలేదా? పోతే పడిపోతుండె గద. పడిపోతే నీకు చెప్తుండె గద."

నిజంగానే ఎవరూ పోలేదు. పోవద్దని ఎవరూ అనుకోలేదు, అటు పోవాలని ఎవరికీ తోచలేదు. అతనికీ తోచలేదు. వాడను వదిలేద్దామని అతను ఏనాడూ అనుకోలేదు, కలుజు దగ్గర ఊరు అయిపోయిందనే అనుకున్నాడు. కొత్త ఆట ఏది దొరికినా అంచు ఎక్కడుందో వెతికి చూసే మనిషి, తన ఊరి అంచును మాత్రం తడిమి చూడలేదు.

"అటు దిక్కు ఫోటోలు దొరకలేదురా" అన్నాడు. అబద్ధం కాదు. కానీ ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే చెల్లదని అతనికి తెలిసిపోయింది.

"నన్నడిగినవా?"

"లే."

"నాలుగేండ్ల సంది దినాం మాట్లాడుకుంటున్నం. కంప్యూటర్ల కొత్త కార్డు వేస్తే ఫోన్ చేసి చెప్తివి. చింతాకు ఎట్ల గియ్యాలెనో తెలుస్తలేదని చెప్తివి. మీ ఇల్లు ఎట్లుండెరా అని ఒక్కనాడు అడగవైతివి." నవీన్ తల్లి చేతిలోంచి గ్లాసు తీసుకొని కింద పెట్టాడు. "పోనీ, అడగకున్నా నీకు తెల్వాలె గద. నేను మీ ఇంట్ల ఎన్నిసార్లు తిన్ననో లెక్క లేదు. తిన్న కంచం నేనే కడిగి బోర్లిచ్చేటోన్ని, యాదికున్నదా? నువ్వు మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినవ్?"

కంచం కడగడం నవీన్ పద్ధతి అనుకున్నాడు పరశురాములు ఇన్నేళ్లూ. శుభ్రమైన పిల్లవాడని తల్లి మెచ్చుకునేది కూడా. తన ఇంట్లో నవీన్‌కు అది తప్పని పని అని ఇప్పుడు తట్టింది.

చెన్నయ్య మధ్యలో కల్పించుకున్నాడు. "గంత దూరం ఏమిటికి నాయినా. మరుపు మానవులకే వస్తది. వారం దినాల టైమున్నది, ఓ పదిండ్లు అటు గుడ ఎయ్యి, ఒక చర్చి పెట్టు, అయిపాయె. కంప్యూటర్ల ఒక ఇంటిని పది చేసుడు నిమిషం పనంట గద."

"మరుపు కాదు పెద్దమనిషీ" అన్నాడు నవీన్. "మర్చిపోవాలంటె ముందుగాల తెలిసుండాలె." తల్లిని లేపి నిలబెట్టాడు. "పెద్ద తెర మీద నువ్వు ఏసుకో పర్శిగా. మా లైనోళ్లను మాత్రం పిలవకు. మావోళ్లు వచ్చి గందరి ముంగట పడిపోవుడు నేను చూడలేను."

పుల్లమ్మ గడప దగ్గర ఆగి పరశురాములు వైపు చూసింది. ఏదో అనబోయి, పెరటి తలుపు వైపు ఒకసారి చూసి, కొడుకు వెంట వెళ్లిపోయింది.

చెన్నయ్య వెళ్లాక పరశురాములు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆయన చెప్పినంత పనీ చేశాడు. తుమ్మచెట్ల అవతల కొంత నేల పరిచి, పాత పెంకుటిల్లు ఒకదాన్ని పట్టి పది చేసి వరసగా నిలబెట్టాడు. నిజంగానే నిమిషం పని. తెర నిండా వాడ వచ్చేసింది. దగ్గరికి పోయి చూస్తే ప్రతి ఇంటికీ తలుపు పక్కన ఒకే చోట ఒకే పగులు ఉంది. ఆ పగులు తన మేనమామ ఇంటిది. ఏ ఇంట్లో ఎవరుండేవారో చెప్పమంటే ఒక్క పేరూ అతనికి తెలియదు. నవీన్ వాళ్ల ఇల్లు ఎటు ముఖం పెట్టి ఉండేదో కూడా తెలియదు.

నాగరాణి వెనక నిలబడి చూసింది. ఆమె పుట్టిల్లు నారాయణపేట దగ్గర పల్లె. ఈ ఊరికి కోడలిగా వచ్చిన మనిషి.

"పెండ్లయి వచ్చిన కొత్తల ఊరంతా తిప్పి చూపెట్టినవ్" అంది. "కలుజు కాడికి వచ్చి ఎనకకు మర్రినవ్. నేను గుడ అటేమున్నదని అడగలే. మా ఊర్ల గుడ గంతే గద, అటు అడగరు."

పరశురాములు పది ఇళ్లనూ చెరిపేశాడు. చెప్పులు వేసుకొని ఎండలోనే బయలుదేరాడు.

కాలనీ కట్టినప్పుడు అధికారులు చీటీలు తీసి జాగాలు పంచారు. ఎవరి పక్కన ఎవరు పడతారో ఎవరికీ తెలియదన్నారు. ఇంకేం, కులాల గోల వదిలిందని చదువుకున్నవాళ్లు సంబరపడ్డారు. ఇళ్లు లేచేలోపే నీది నాకు, నాది నీకు అని మార్చుకొని, సందడి లేకుండా ఎవరి లైన్లలోకి వాళ్లు చేరిపోయారు. నీళ్ల ట్యాంకు అవతలి చివరి లైను నవీన్ వాళ్లది. అక్కడి కరెంటు స్తంభం నంబరు పరశురాములుకు నోటికి వచ్చు. ఫ్యూజు పోతే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసేది ఆ నంబరు చెప్పే. ఆ లైనులో అడుగుపెట్టడం మాత్రం ఇదే మొదలు.

నవీన్ కేతేపల్లి ప్రయాణానికి బైకుకు సంచి కడుతున్నాడు. స్నేహితుణ్ని చూసి చేతులాపాడు కాని రమ్మనలేదు.

"కాపీ కొట్టి పదిండ్లు ఏసినరా. ఏసి తీసేసిన" అన్నాడు పరశురాములు. "నాకు ఒక్కటి గుడ తెల్వదు. తెలుసుకుందామని వచ్చిన."

"ఆదివారం తెర కోసమా?"

"తెర సంగతి చెన్నయ్యకు ఫోన్ చేసి చెప్పిన. వాడ లేకుంట ఊరు చూపెట్టను. ఏడాది పట్టినా పట్టనీ."

నవీన్ అతని ముఖంలోకి చూశాడు. నమ్మాలో వద్దో తేల్చుకోలేనట్టు మళ్లీ తాడు ముడి వేయసాగాడు. ఇంతలో లోపలి నుంచి పుల్లమ్మ గొంతు వినిపించింది.

"ఎవరు బిడ్డా? పరశురాములా? లోపలికి రమ్మను."

చిన్న గది. గోడకు వాక్యం రాసిన క్యాలెండరు, దాని పక్కన నవీన్ తండ్రి ఏసోబు ఫోటో, కింద నవారు మంచం. పరశురాములు కింద కూర్చోబోతే ఆమె మంచం చూపించింది. కూర్చున్నాడు. నవీన్ వచ్చి గడప మీద నిలబడ్డాడు. సుస్తీగా ఉందా అమ్మా అని పరశురాములు అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"పడ్డప్పుడు భయమైంది. ఇంటికొచ్చినంక ఇంకో బుగులు పట్టుకున్నది" అంది. "నేను గుడ పోతే ఇగ ఆ వాడ ఎట్లుండెనో చెప్పెటోళ్లు ఎవరున్నరు? నవీను చదువుకుంట హాస్టల్ల పెరిగె. వానికి సగం తెల్వదు. అందుకే నువ్వు రాకుంటె నేనే కబురు పంపుదామనుకున్న."

"చెప్పమ్మా. నువ్వు చెప్పినట్లే కడ్త. చర్చితోని మొదలు పెడదామా?"

"చర్చి ఎనక కట్టొచ్చు. ముందుగాల మా ఇల్లు కట్టు. వాడ మొగదల్నే, తుమ్మచెట్లకు ఆనుకొని. తలుపు తూర్పుకు. లోపల దక్షిణం గోడకు నులక మంచం పెట్టు." ఆమె కొంచెం ఆగింది. "ఆ మంచం మర్వకు."

"మంచం దేనికమ్మా?"

పుల్లమ్మ భర్త ఫోటో వైపు చూసింది. అనుమతి అడుగుతున్నట్టుంది ఆ చూపు.

"మీ నాయిన పాణం దాని మీదనే పోయింది బిడ్డా."

పరశురాములుకు ఆ మాట చెవిలో పడింది కాని లోపలికి దిగలేదు. తండ్రి పర్వతాలు ఎలా పోయాడో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. వానాకాలం, గొర్రెల మంద దగ్గర కాపలా పడుకుంటే పాము కరిచింది. తెల్లారి చూసేసరికి మంద పక్కనే పడి ఉన్నాడు. ఎవరూ దగ్గర లేరు. తనకప్పుడు బడికి పోయే వయసు కూడా లేదు. ఎవరూ దగ్గర లేరన్న మాటే అతణ్ని పెద్దయ్యాక కూడా ఎన్నోసార్లు తిన్నతిండి అరగనీయలేదు.

"మంద కాడ గద" అన్నాడు.

"మంద కాడ పండవెట్టిండ్రు. తెల్లారకముందే మావోళ్లు ఎత్తుకపోయి పండవెట్టిండ్రు. మా ఇంట్ల పోయిండని తెలిస్తే మీ కులపోళ్లు శవాన్ని ముట్టరని, దినాలు చెయ్యనియ్యరని." పుల్లమ్మ మెల్లగా, ఒక్కో మాటా చూసుకొని చెప్పింది. "పాము కర్సినంక మీ నాయిన ఊర్లెకు ఉరికొద్దామని బయలెల్లి కలుజు కాడ కూలవడ్డడు. మా ఆయన చూసి ఎత్తుకొచ్చిండు. మంత్రం ఏసెటోన్ని పిలిపిచ్చిండు, బండి కట్టిచ్చిండు. కలుజు పారుతుండె, బండి దాటలే. మీ నాయిన ఒక్కడే పోలేదు బిడ్డా. గది నీకు చెప్పాలనే ఉండె ఎప్పటి సందో. మాట ఇచ్చిన, అందుకే నోరు మెదపలే."

గడప మీద నిలబడ్డ నవీన్ అక్కడే చతికిలబడ్డాడు. అతనికీ ఇది కొత్తే.

"ఎవరికిచ్చినవమ్మా మాట?" అన్నాడు పరశురాములు.

"మీ అమ్మకు." పుల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "కబురందంగనే నడుము లోతు నీళ్లల్ల కలుజు దాటి వచ్చింది ఆమె. మా వాడల ఆమె కాలు వెట్టింది గా ఒక్కసారే. మీ నాయినకు అప్పుడింక మాట ఉన్నది. ఇద్దరు మాట్లాడుకోనీ అని నేను, మా ఆయన బయట వానల నిలబడ్డం. ఏం చెప్పిండో, ఏం అడిగిండో నాకు తెల్వదు. బయటికి వచ్చి నా చేతులు పట్టుకొని, ఈ సంగతి మా పొల్లగానికి తెల్వనియ్యకు పుల్లమ్మా అన్నది. కులపోళ్ల భయానికి లోకానికి తెల్వద్దంటున్నదనుకున్న బిడ్డా అప్పుడు. కాదు. నీకే తెల్వద్దన్నది."

పరశురాములు లేచాడు. ఏం చెప్పి లేచాడో అతనికి గుర్తు లేదు. నవీన్ "ఆగురా, బండి మీద దించుత" అంటున్నా వినిపించుకోకుండా నీళ్ల ట్యాంకు దాటి ఇంటికి నడిచాడు. దారిలో ఎవరో పలకరించారు. ఎండ నెత్తి మాడుస్తోంది. నాలుగేళ్లు కూర్చొని ఊళ్లో ప్రతి గోడా కట్టాడు. తండ్రి ఆఖరిసారి కన్ను తెరిచి చూసిన ఇంటిని మాత్రం కట్టలేదు. ఆ ఒక్క ఆలోచనే నడుస్తున్నంతసేపూ తల లోపల కొట్టుకుంది.

పెరట్లో సైదమ్మ రేకుల కింద నీడలో కూర్చొని ఉంది. ముందు చేటలో కందులున్నాయి కాని ఆమె చేతులు కదలడం లేదు. కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

సైదమ్మ తల ఎత్తలేదు.

"పుల్లమ్మ చెప్పిందా?" అని అడిగింది.